చప్పుడు లేని టేపు

మునిచంద్ర ముందున్న టీ మీద మీగడ కట్టింది. అతను దాన్ని ముట్టుకోలేదు.

"ఇంకోసారి చెప్పు," అంది నిలోఫర్.

"ఎన్నిసార్లు చెప్పల్ల మేడం? పోలీసోళ్లు రాసుకున్నారు గదా."

"వాళ్లు రాసుకున్నది వాళ్లకు. నాకు నీ నోటితో చెప్పు."

నగరిలో హేమచంద్ర మరమగ్గాల షెడ్డుకు మునిచంద్ర మేనేజరు. మూడు రోజుల కిందట హేమచంద్ర అదే షెడ్డు వెనకున్న నూలు గోడౌన్‌లో చచ్చిపోయి దొరికాడు. రెండు చేతులూ కుర్చీకి బ్రౌన్ టేపుతో చుట్టేసి ఉన్నాయి. అతన్ని మొదట చూసింది భార్య పూజిత. ఆమె కేకలకే అందరూ పరిగెత్తుకొచ్చారు. ఇప్పుడు ఆమె స్టేషన్లో ఉంది. సాయంత్రానికి అరెస్టు చూపిస్తారని కానిస్టేబులు ఒకడు చెప్పాడు.

"ఆపొద్దు కరెంటు పోయినాది మేడం. మగ్గాలు నిలబడిపోయినాయి. వర్కర్లంతా అన్నానికి పోయినారు. నేను ఈడనే, ఈ ఆఫీసులోనే కూర్చోనుండా. గోడౌన్ ఇదో, ఈ ప్లైవుడ్డు అవతలే. ఆ పక్కనుంచి టేపు లాగే చప్పుడొచ్చినాది. సర్రు సర్రుమని. పూజితమ్మ పార్సిళ్లు కడతాంది గాబోలు అనుకున్నా."

"పూజితమ్మేనని ఎట్లా అనుకున్నావు?"

"పార్సిళ్లకు టేపు ఏసేది ఆ యమ్మే గదా. ఇంగెవురు?"

"చప్పుడు గట్టిగా వచ్చిందా?"

"గట్టిగానే. నిశ్శబ్దంగా ఉండాది గదా. చెవుల్లో గీసినట్ల ఇనపడినాది."

"ఒకసారా, చాలాసార్లా?"

మునిచంద్ర కొంచెం ఆలోచించాడు. "చాలాసార్లు. చేతులకు అన్ని చుట్లు సుట్టల్లంటే అన్నిసార్లు లాగల్ల గదా."

నిలోఫర్ తలూపింది. అతని మాటల్లో తడబాటు లేదు. చొక్కా ఇస్త్రీ చేసి ఉంది. యజమాని పోయిన మూడో రోజున కూడా మడత నలగని చొక్కా. దాన్ని చూసింది గానీ, ఏమీ అనిపించలేదు. ఈమధ్య ఆమెకు దేన్ని చూసినా ఏమీ అనిపించదు. ఆరు నెలల కిందట భర్త సమీర్ పోయాక తిరుపతిలోని ఫోరెన్సిక్ ఉద్యోగం మానేసి, సొంతంగా డిటెక్టివ్ ఆఫీసు తెరిచింది. పని చేస్తే బాగవుతుందని అక్క చెప్పింది. పని బాగానే చేస్తోంది. మిగతాది బాగవలేదు.

"పోవచ్చు," అంది.

*

గోడౌన్ తలుపు దగ్గర సి.ఐ. విజయ్ కుమార్ కాళ్లు ఎడంగా పెట్టి నిలబడి ఉన్నాడు. చేతిలో సీలు వేసిన ప్లాస్టిక్ కవర్లు.

"ముసలామె అడిగిందని మిమ్మల్ని రానిచ్చినాను మేడం. చనిపోయినోడి తల్లే వచ్చి కోడలు అమాయకురాలు అంటే, కాదనలేక. సూసేది సూసి బయల్దేరండి. తిరుపతి బస్సులు బాగానే ఉండాయి."

"మీకు ఆధారం ఏముంది సార్?"

"సాక్షి ఉండాడు. చప్పుడు విన్నాడు. గోడౌన్ తాళంచెవి ఇంట్లో ఉంటాది, బయటోళ్లు రాలేదు. దాన్ని మించింది ఇంకోటి చెప్తాను. మొగుడు చచ్చినాడు. ఆ మనిషి కంట్లో ఒక్క చుక్క లేదు. మూడు రోజులు. గోడ తట్టు సూస్తా కూర్చుంటాది. అన్నం పెడితే తింటాది. అడిగితే బదులిస్తాది. ఆడమనిషి అట్లుంటాదా?"

"ఉంటుంది."

"మీరెట్ల చెప్తారు?"

"మా ఆయన పోయి ఆరు నెలలు. నేనింకా ఏడవలేదు. నన్నూ స్టేషనుకు తీసుకుపోండి."

విజయ్ కుమార్ ఆమె మొహం వంక చూసి, చూపు పక్కకు తిప్పుకున్నాడు. తలుపు తోశాడు.

నూలు బేళ్లు పైకప్పు దాకా పేర్చి ఉన్నాయి. మధ్యలో ఒక పాత చెక్క కుర్చీ. దాని చేతులు వెడల్పుగా, నున్నగా ఉన్నాయి. హేమచంద్ర నాయన కుప్పయ్య బతికున్నప్పుడు లెక్క చూసుకునే కుర్చీ అట. కుర్చీకి ఎడమవైపు గోడ. ఆ గోడకు అవతలే పూజిత మధ్యాహ్నంపూట పడుకునే గది. కుడివైపు ప్లైవుడ్డు. దాని అవతల ఆఫీసు.

నిలోఫర్ కుర్చీ పక్కన మోకాళ్ల మీద కూర్చుంది. చేతి పట్టీ మీద టార్చి పక్కనుంచి వేసింది. చెక్క మీద టేపు అంటిన జాడలు. ఒకటి కాదు. ఒకదాని మీద ఒకటి, ఒకటి కాస్త ముందుకు, ఒకటి కాస్త వెనక్కు. కొన్నింటి అంచుల్లో నూలు ధూళి పట్టి నల్లబడి ఉంది. వంగి ముక్కు దగ్గరగా పెట్టింది. నువ్వుల నూనె వాసన.

"దీన్ని చూశారా సార్?"

"బంక. పార్సిళ్లు కట్టే గది. బంక లేకుండా ఉంటాదా?"

"రెండు చేతుల మీదా, సరిగ్గా మణికట్టు వచ్చే చోటే ఉంది. పాతది, కొత్తది. ఈ మనిషిని ఈ కుర్చీకి ఒక్కసారి కాదు, ముందు కూడా కట్టారు. కట్టి, నూనె రాసి, నొప్పి లేకుండా విప్పారు."

విజయ్ కుమార్ నవ్వాడు. "దొంగోడు నూనె రాసి విప్పుతాడా?"

"అదే నేనూ అడుగుతున్నా."

ఆమె చెయ్యి చాపింది. అతను కవరు ఇచ్చాడు. చేతుల టేపును కత్తిరించి తీశారు. చుట్లు చుట్లుగానే, ముడతలు పడకుండా ఉంది. ఇంకో కవర్లో నోటి మీది ముక్క. పూజిత భయంతో ఒక్క గుంజు గుంజి విసిరేసింది. అది దానికదే అంటుకుని ఉండలా అయిపోయింది. మూతికి వేసింది ముక్కు మీదికి కూడా ఎక్కింది, అందుకే ఊపిరాడలేదని డాక్టరు చెప్పాడని విజయ్ కుమార్ అన్నాడు. నిలోఫర్ ఆ ఉండను పక్కన పెట్టి, చేతుల టేపు మీదనే టార్చి వేసింది. కవరు బయటి నుంచే, భూతద్దం పెట్టి, బంక వైపు చివరి చుట్టు అంతా చూసింది. వెలుతురు అద్దం మీద జారినట్టు జారిపోయింది. ఎక్కడా ఆగలేదు.

"మీ సాక్షి అబద్ధం చెప్పాడు," అంది.

"ఏంది?"

"ఈ టేపును రోలు నుంచి లాగినప్పుడు చప్పుడు రాలేదు."

"టేపు లాగితే చప్పుడు రాకుండా ఉంటాదా మేడం? మా ఇంట్లో పిలకాయలను అడిగినా చెప్తారు."

మూలలో పార్సిళ్ల బల్ల మీద అదే రకం రోలు ఇంకోటి ఉంది. నిలోఫర్ దాన్ని తీసుకుంది.

"మీరు ఆఫీసులోకి పోయి నిలబడండి. తలుపు వేసుకోండి. మగ్గాలు ఆపమనండి."

"ఆటలాడను నేను ఈడికి రాలేదు."

"కోర్టులో వాళ్ల లాయరు ఇదే ఆట ఆడతాడు. అప్పుడు మీరు బోనులో ఉంటారు."

అతను పళ్లు కొరికి, కానిస్టేబులుకు సైగ చేసి వెళ్లాడు. మగ్గాలు ఒక్కొక్కటీ ఆగిపోయాయి. ప్లైవుడ్డు అవతల కుర్చీ కిర్రుమంది.

నిలోఫర్ టేపు కొస పట్టుకుని లాగింది. గోరు పెరిగేంత నిదానంగా కాకపోయినా, అన్నం ముద్ద మింగేంత నిదానంగా. బంక సన్నటి దారాల్లా సాగి, ఒక్కొక్క దారమూ వదిలింది. మూర పొడుగు వచ్చాక కత్తిరించింది. ఇంకో మూర అట్లాగే లాగింది.

"ఎప్పుడు మొదలుపెడతారు?" అని అటువైపు నుంచి విజయ్ కుమార్ అరిచాడు.

"రెండు ముక్కలు అయినాయి సార్."

ఆమె మూడో ముక్కను ఒక్క ఊపున లాగింది. సర్రుమని గది అంతా గీసుకుపోయింది. విజయ్ కుమార్ తలుపు తోసుకుని వచ్చాడు. అతని మొహంలో కోపం ఉంది గానీ, దాని కింద ఇంకేదో ఉంది.

నిలోఫర్ మెల్లగా లాగిన ముక్క ఒకటి, వేగంగా లాగిన ముక్క ఒకటి బల్ల మీద తిరగేసి టార్చి వేసింది. "చూడండి."

ఒకటి నున్నగా ఉంది. రెండో దాని మీద అడ్డంగా సన్నటి గీతలు, దువ్వెన పళ్లంత దగ్గర దగ్గరగా.

"వేగంగా లాగితే బంక ఒకే తీరుగా వదలదు సార్. పట్టుకుంటుంది, ఆపుకోలేక జారుతుంది, మళ్లీ పట్టుకుంటుంది. జారిన ప్రతిసారీ టేపుకు అడ్డంగా ఈ అంచు నుంచి ఆ అంచుకు ఒక సన్నని పగులు పరిగెడుతుంది. గాలిలో శబ్దం పోయే వేగం కంటే ఎక్కువ వేగంతో. అంచుకు చేరగానే గాలికి ఒక చిన్న దెబ్బ. ఆ దెబ్బలు వరసగా పడితే మనకు సర్రుమని వినిపిస్తుంది. పగులు పోయినచోట ఈ గీత మిగులుతుంది. మెల్లగా లాగితే పగులు లేదు. పగులు లేకపోతే చప్పుడు లేదు, గీతా లేదు. చేతుల టేపు మీద ఒక్క గీత లేదు."

విజయ్ కుమార్ వంగి కవరులోని టేపును చూశాడు. తర్వాత బల్ల మీది ముక్కలను. మళ్లీ కవరును. చాలాసేపు చూశాడు.

"పూజితే మెల్లగా లాగుండచ్చు గదా?"

"ఎవరికి వినపడకుండా? షెడ్డులో వర్కర్లు లేరు, మునిచంద్ర విన్నా పార్సిలే అనుకుంటాడు. గోడ అవతల పడుకున్నది పూజిత ఒక్కతే. ఎవరో ఆమెకు వినపడకూడదని అంత నిదానంగా లాగారు. అంటే లాగింది ఆమె కాదు."

"అయితే మునిచంద్రే. అబద్ధం చెప్పినాడు గదా? ఇప్పుడే లోపలేస్తాను."

"తొందరపడకండి. కట్టినవాడికి చప్పుడు రాలేదని తెలుసు. చప్పుడు వచ్చిందని చెప్పేవాడు కట్టేటప్పుడు అక్కడ లేనివాడే. కరెంటు పోగానే ఎక్కడికో పోయి ఉంటాడు. మీరు 'టేపు చప్పుడు ఇన్నావా' అని అడిగి ఉంటారు. షెడ్డు వదిలి పోయానని చెప్పలేక, విన్నానన్నాడు. అంతే."

విజయ్ కుమార్ మెడ వెనక రుద్దుకున్నాడు. తాను అడిగిన ప్రశ్న గుర్తొచ్చినట్టుంది.

"మా డి.ఎస్.పి.కి ఏం చెప్పల్ల నేను?" అన్నాడు చివరికి. "సరే. ఆమెను పంపించేస్తా. కానీ ఊరు దాటకూడదు. ఈసారి మీరు చెప్పింది తప్పైతే, ఇంకోసారి నా కేసు దరిదాపుల్లోకి రానీను. అర్థమాయెనా?"

"అయింది."

అతను కవర్లు తీసుకుని జీపెక్కాడు. గెలిచినట్టు నిలోఫర్‌కు అనిపించలేదు. నువ్వుల నూనె వాసన వేళ్లకు అంటుకుని ఉంది. నొప్పి పుట్టకుండా విప్పే చెయ్యి ఎవరిదో ఆమెకు తెలిసిపోయింది. తెలియకుండా ఉంటే బాగుండు అని కూడా అనిపించలేదు.

*

హేమచంద్ర తల్లి గంగులమ్మ వాకిట్లో రాట్నం ముందు కూర్చుని కండెలకు నూలు చుడుతోంది. కొడుకు పోయిన ఇంట్లో మూడో రోజున పని ఏంటని చుట్టాలు గొణుక్కుని వెళ్లిపోయారు. ఆమె ఆపలేదు. గోడౌన్‌లో కొలతలన్నీ రాసుకుని గంట తర్వాత వచ్చిన నిలోఫర్ ఎదురుగా నేల మీద కూర్చుంది.

"పూజితను వదిలేస్తున్నారమ్మా."

గంగులమ్మ చెయ్యి ఒక్క క్షణం నెమ్మదించి, మళ్లీ తిరిగింది. "మంచిది తల్లీ."

"అమ్మా, కుర్చీ మీద నూనె చూశాను."

రాట్నం తిరుగుతూనే ఉంది.

"మీరు చెప్పాలి. లేకపోతే రేపు మళ్లీ ఆమెను తీసుకుపోతారు."

గంగులమ్మ తల ఎత్తకుండా మాట్లాడింది. గొంతులో ఎత్తూ పల్లమూ లేకుండా, ఎవరి సంగతో చెప్పినట్టు.

"తాగుడు మానేస్తానన్నాడు. పెండ్లాము తలమీద సెయ్యి పెట్టి ఒట్టేసినాడు. ఆ పిల్ల నమ్మింది. రెండు దినాలు బాగుండె. మూడోనాడు సేతులు వణికినాయి. మద్దేనానికి పిచ్చి లేసేది. నా కాడికొచ్చి, 'అమ్మా నన్ను కట్టెయ్, లేకుంటే పోయి తాగేస్తా' అన్నాడు. నేను నవ్వినా. వాడు ఏడ్చినాడు. తాడైతే వాత పడతాది, పూజిత సూస్తాది అని టేపు తెచ్చిచ్చినాడు."

"చప్పుడు రాకుండా లాగడం..."

"మొదటిసారి సర్రుమనింది. పూజిత లేసి 'ఏంది అత్తా' అనింది. ఏం లేదులే, పార్సిలు అన్నా. 'మెల్లంగా లాగమ్మా, మెల్లంగా లాగితే రాదు' అని వాడే నేర్పించినాడు. ఒక గంట, గంటన్నర. వణుకు తగ్గినాక నూనె పూసి విప్పేదాన్ని. విప్పినాక నా ఒళ్లో తల పెట్టుకొని పడుకునేవాడు. ఇంత మనిషి."

గంగులమ్మ నిండిన కండె తీసి పక్కన పెట్టింది.

"ఆపొద్దు కరెంటు పోయినాది. కట్టినా. నోరెండిపోతాంది, మజ్జిగ కావల్లన్నాడు. ఇంట్లో పెరుగు లేదు. తాళమెయ్యకుండా అంగడికి పోయినా. ఆడ కరెంటొచ్చె, మగ్గాలు మొదలాయె. నేనొచ్చేతలికి పూజిత వాణ్ణి పట్టుకొని అరస్తాంది." ఆమె తెగిన పోగును వేళ్లతో ముడేసింది. "పోలీసోళ్లు ఊపిరాడక పోయినాడన్నారు. తాగుడు మానినోళ్లకు ఫిట్సొస్తాదని డాక్టరు ముందే సెప్పినాడు. ఫిట్సొచ్చుంటాది, సేతులు కట్టేసుండాయి, ఏం జేస్తాడు? నేనే సంపినా. ఆ మాట నోట్లోనుంచి రాలేదు తల్లీ. రెండుసార్లు స్టేషను గేటు దాకా పోయినా. రాలేదు. నీకు ఫోను జేసినా."

నిలోఫర్ చేతులు ఒళ్లో పెట్టుకుంది. అడగవలసిన ప్రశ్న ఒకటి మిగిలింది. రిపోర్టులో ఖాళీ పూరించడానికి అడిగే ప్రశ్న.

"నోటికి వేసినప్పుడు టేపు ముక్కు మీదికి జరిగింది మీరు చూడలేదా అమ్మా?"

రాట్నం ఆగిపోయింది.

"నోటికా?" అంది గంగులమ్మ.

"మూతికి వేసిన టేపు."

"మూతికి నేనెందుకేస్తాను? మజ్జిగ అడిగినాడని సెప్తిని గదా. మాట్లాడతానే ఉన్నాడు. పెరుగు పులిసింది తేవాకు అని కూడా అన్నాడు." ఆమె మొహం మొదటిసారి కదిలింది. "మూతికి టేపుండిందా? నాకెవురూ సెప్పలేదే. పూజితను అప్పుడే తీసకపోయిరి. ఎవురేసినారు?"

నిలోఫర్ లేచి నిలబడింది. ఉండలా నలిగిన ఆ ముక్కను ఆమె విప్పి చూడలేదు. ఒక టేపు చూసి, రెండూ ఒకే చేతివి అనుకుంది. గంగులమ్మ అంగడికి పోయాక, మగ్గాలు మొదలయ్యాక, ఇంకొకరు ఆ గదిలోకి వచ్చారు. కట్టేసి ఉన్న మనిషిని చూశారు. మగ్గాల మోతలో చప్పుడు గురించి భయపడే పని లేదు. ఒక్క ముక్క చాలు. కట్టింది తాను కాదు గనుక, ఎట్లా కట్టారో అతనికి తెలియదు. టేపు అంటే సర్రుమనేదే అనుకున్నాడు. అనుకుని, చుట్లు లెక్కేసి, చాలాసార్లు విన్నానని సాక్ష్యం చెప్పాడు.

కట్టేటప్పుడు అతను అక్కడ లేడు. అది నిజమే. ఆ నిజం చెప్పి తనే అతన్ని వదిలించింది.

"అమ్మా, హేమచంద్ర తాగుడు మానితే మునిచంద్రకు ఏమైనా నష్టమా?"

"వాడే గదా సీసాలు తెచ్చిచ్చేది. షెడ్డంతా వాడి సేతిలోనే ఉండాది ఇన్నాళ్లూ. వచ్చే సోమారం నుంచి రావద్దని హేమ సెప్పేసినాడు. నా ముందరే సెప్పినాడు."

నిలోఫర్ అప్పటికే విజయ్ కుమార్‌కు ఫోను చేస్తోంది.

"సంతోషమేనా మేడం? పంపించేసినా మీ పూజితను."

"ఎవరితో పంపారు?"

"ఎవురితో ఏంది, వాళ్ల మునిచంద్రే బండి తెచ్చినాడు. ఇంటికి చేరుస్తానన్నాడు. వాడు ఏం చేయలేదని మీరే గదా చెప్పినారు?"

"ఎంతసేపయింది?"

"అయింది చానాసేపు. ఏం, ఇంకా రాలేదా?"

స్టేషను నుంచి ఇల్లు నడిచి వచ్చేంత దూరం. నిలోఫర్ ఫోను పెట్టేసి పూజిత నంబరు నొక్కింది. మోగింది. మోగుతూనే ఉంది. ఆరు నెలలుగా కొయ్యబారి ఉన్న ఆమె ఒంట్లో ఏదో కదిలింది. అది భయమని గుర్తుపట్టడానికి ఆమెకు కాస్త సమయం పట్టింది.

"హలో," అంది పూజిత. నిద్రలోంచి మాట్లాడినట్టుంది గొంతు. వెనక గాలి హోరు.

"పూజితా, నేను నిలోఫర్. ఎక్కడున్నావు?"

"పుత్తూరు దాటినామక్కా. తిరుపతిలో లాయరు కాడికి తీసుకురమ్మని మీరే చెప్పినారంట గదా?"

"నేను చెప్పలేదు. పూజితా, విను. బండి ఆపమను. మనుషులున్న చోట దిగిపో. ఏదో ఒకటి చెప్పి దిగిపో."

గాలి హోరు తగ్గింది. బండి రోడ్డు దిగి మట్టి మీద నడుస్తున్న చప్పుడు వినిపించింది.

"ఎవురమ్మా ఫోన్లో, మేడమా?" అన్నాడు మునిచంద్ర, చాలా మర్యాదగా. "ఇట్లియ్యి, నేను మాట్లాడతా."